యావరేజ్‌కి ఒక అడ్రస్ ఉంటుంది: అజార్, లక్ష్మణ్, ఓజా, విహారి

ఈ ఎపిసోడ్‌ని రెండు నంబర్లతో మొదలుపెడదాం. 45.03, 45.97. మొదటిది మహ్మద్ అజారుద్దీన్ టెస్ట్ యావరేజ్, రెండోది వీవీఎస్ లక్ష్మణ్‌ది. ఇద్దరిదీ హైదరాబాదే, ఇద్దరూ మణికట్టుతో మాయ చేసినవాళ్ళే. అజార్ 99 టెస్టుల్లో 6,215 పరుగులు కొట్టాడు. లక్ష్మణ్ 134 టెస్టుల్లో 8,781 కొట్టాడు. యావరేజ్‌లో తేడా ఒక్క పరుగు కూడా లేదు. మరి ఇద్దరూ ఒకే రకం బ్యాట్స్‌మెన్ అనేద్దామా?

ఒక్క నిమిషం ఆగండి. ఇదే నంబర్‌ని రెండు ముక్కలు చేద్దాం: ఇండియాలో ఎంత, బయట ఎంత? అజార్‌కి ఇండియాలో 55.93, బయట 36.40. లక్ష్మణ్‌కి ఇండియాలో 51.60, బయట 42.49. చూశారా? పైకి కవలపిల్లల్లా ఉన్న రెండు నంబర్ల లోపల రెండు వేరే కథలున్నాయి. ఒకాయనకి ఇంటికీ బయటికీ మధ్య 19 పరుగుల తేడా. ఇంకొకాయనకి 9.

"అయితే లక్ష్మణే గొప్ప, వీడియో అయిపోయింది" అనుకోవద్దు. కాసేపట్లో ఈ లెక్క కూడా తిరగబడుద్ది. ఈ రోజు మన టాపిక్ అదే. టెస్ట్ బ్యాట్స్‌మన్‌ని గానీ స్పిన్నర్‌ని గానీ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు పిచ్‌ల మీద ఆడిన ఆటని బట్టి ఎలా తూచాలి? తప్పుగా తూస్తే ఎవరికి నష్టం?

చెరువు కింద మడి, బోరు మీద మడి

ముందు మన భాషలో చెప్పుకుందాం. మార్కాపురానికీ గిద్దలూరికీ మధ్యలో కంభం చెరువుంది కదా, విజయనగర రాజుల కాలం నాటిది. వానలు బాగా పడి ఆ చెరువు నిండిన ఏడు దాని కింద వరి పెట్టిన రైతుని తీసుకోండి. అదే ఏడు తర్లుపాడు వైపు మెట్టలో, ఎప్పుడు గాలి పోస్తుందో తెలియని బోరు మీద వరి పెట్టిన రైతుని తీసుకోండి. మొదటాయనకి ఎకరాకి ఎక్కువ బస్తాలొచ్చాయి, రెండో ఆయనకి తక్కువొచ్చాయి. "రెండో ఆయనకి వ్యవసాయం రాదు" అని మన ఊళ్ళో ఎవరైనా అంటారా? అనరు. నీళ్ళెక్కడివి, నేలేంటి, ఆ ఏడు వానెంత, పక్క మడి వాళ్ళకి ఎంతొచ్చింది, ఇవన్నీ అడిగాకే మాట్లాడతారు.

అదే మనవాళ్ళు క్రికెట్ దగ్గరికొచ్చేసరికి బస్తాలు మాత్రమే లెక్కపెడతారు. యావరేజ్ అంటే ఎకరాకి ఇన్ని బస్తాలు అన్నట్టే. అది అబద్ధం కాదు. కానీ ఏ నేల మీద పండిందో చెప్పదు.

నేల ఎందుకు మారుద్ది

టెస్ట్ క్రికెట్‌లో నేల అంటే నిజంగానే నేల. పిచ్‌లో ఉండే బంకమట్టి ఎంత, అది ఎంత గట్టిపడింది, ఎంత తేమ పట్టుకుంది, పైన గడ్డి ఎంత. వీటి మీదే ఆట ఆధారపడుద్ది. మన దేశంలో నల్లమట్టి పిచ్‌లున్నాయి, ఎర్రమట్టి పిచ్‌లున్నాయి. నల్లమట్టి మీద బంతి కాస్త నిదానంగా, తక్కువ ఎత్తులో వస్తుంది. ఎర్రమట్టి మీద బౌన్స్ ఎక్కువ, పై పొర విరగడం మొదలైతే స్పిన్ కూడా ఒక్కసారిగా విసురుగా తిరుగుద్ది. ఎండాకాలం చెరువు అడుగు ఎండితే నెర్రెలు ఇస్తుంది కదా, నాలుగో రోజు, ఐదో రోజు పిచ్ కూడా అంతే. దానికి తోడు నాలుగు రోజులపాటు బౌలర్ల బూట్లు తొక్కిన చోట గుంటలు పడతాయి. వాటినే రఫ్ అంటారు. స్పిన్నర్‌కి అది బంగారు గని.

ఇంగ్లండ్‌లో నేలతో పాటు ఆకాశం కూడా ఆడుద్ది. మబ్బు పట్టిందంటే డ్యూక్స్ బంతి గాల్లోనే వంగుద్ది. ఆస్ట్రేలియాలో వాడేది కూకబుర్రా. కొత్తగా ఉన్నప్పుడు భయపెడుద్ది గానీ దాని కుట్టు తొందరగా అణిగిపోద్ది. అక్కడ అసలు సమస్య బౌన్స్. మన ఎస్‌జీ బంతికి కుట్టు పైకి లేచి ఉంటుంది కాబట్టి స్పిన్నర్‌కి వేలు పట్టు దొరుకుద్ది.

ఇంకో సంగతి, కాలం కూడా నేలని మార్చింది. 1950ల్లో ఇంగ్లండ్‌లో ఆట మొదలయ్యాక పిచ్‌ని ఇప్పటిలా పూర్తిగా కప్పేవాళ్ళు కాదు. వాన పడి, ఆపైన ఎండ కాసిందంటే ఆ తడి పిచ్ మీద స్పిన్నర్‌ని ఆపడం ఎవరి తరమూ కాదు. 1956లో మాంచెస్టర్‌లో జిమ్ లేకర్ ఆస్ట్రేలియా మీద ఒకే టెస్టులో 90 పరుగులిచ్చి 19 వికెట్లు తీశాడు. "పిచ్ అలాంటిది మరి" అనేయడం తేలిక. కానీ అదే పిచ్ మీద, అదే మ్యాచ్‌లో, రెండో వైపు నుంచి బౌలింగ్ చేసిన టోనీ లాక్ కూడా గొప్ప స్పిన్నరే. ఆయనకి దక్కింది ఎన్నో తెలుసా? 1. ఒకే ఒక్కటి.

ఈ లాక్ సంగతి గుర్తుపెట్టుకోండి, ఈ ఎపిసోడ్ మొత్తానికి తాళంచెవి అదే. పిచ్ ఎంత సాయం చేసిందో తెలియాలంటే పక్కవాడికి ఎంత దక్కిందో చూడాలి.

167, 281, 96

ఇప్పుడు బ్యాట్స్‌మెన్ దగ్గరికొద్దాం. లక్ష్మణ్ ఆడిన మూడు ఇన్నింగ్స్ తీసుకుంటా.

ఒకటి, 2000 జనవరి, సిడ్నీ. ఎదురుగా మెక్‌గ్రాత్, బ్రెట్ లీ, వార్న్. ఇండియా మొదటి ఇన్నింగ్స్‌లో 150కి ఆలౌట్. ఆస్ట్రేలియా 5 వికెట్లకి 552 కొట్టి డిక్లేర్ చేసింది. రెండో ఇన్నింగ్స్‌లో ఇండియా మొత్తం 261. అందులో ఓపెనర్‌గా వచ్చిన లక్ష్మణ్ ఒక్కడివే 167. నూటికి 64 పరుగులు ఒక్కడి బ్యాట్ నుంచే వచ్చాయి. ఇంకెవరూ 30 దాటలేదు. మ్యాచ్ మాత్రం ఇన్నింగ్స్ 141 పరుగుల తేడాతో ఓడిపోయాం. అందుకే ఈ ఇన్నింగ్స్ గురించి తక్కువ మాట్లాడతారు. గెలిస్తే కథ, ఓడితే స్కోరు. కానీ పక్కవాడి లెక్క వేసి చూస్తే ఇది మామూలు 167 కాదు.

రెండు, 2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్. ఇది అందరికీ తెలుసు, కానీ మనం వేరే వైపు నుంచి చూద్దాం. స్టీవ్ వా టీమ్ వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది. ఆస్ట్రేలియా 445, మనం 171. ఆ 171లో కూడా టాప్ స్కోరర్ లక్ష్మణే, 59. ఫాలో ఆన్‌లో 281. ద్రావిడ్ 180. ఇద్దరి పార్ట్‌నర్‌షిప్ 376. నాలుగో రోజు పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా ఒక్క వికెట్ పడకుండా 335 పరుగులు కొట్టారు. రఫ్‌లో పడి తిరిగే బంతిని వార్న్ లెగ్ స్టంప్ బయట వేస్తుంటే, లక్ష్మణ్ ముందుకొచ్చి దాన్ని ఒకసారి కవర్స్ వైపు, ఇంకోసారి మిడ్ వికెట్ వైపు పంపించాడు. ఆ ఇన్నింగ్స్‌లో వార్న్ లెక్క 34 ఓవర్లు, 152 పరుగులు, 1 వికెట్.

"అంటే పిచ్ చచ్చిపోయింది, బ్యాటింగ్‌కి స్వర్గం" అంటారా? అదే పిచ్ మీద, అదే మ్యాచ్‌లో హర్భజన్ సింగ్ 13 వికెట్లు తీశాడు. ఐదో రోజు ఆస్ట్రేలియా 212కి ఆలౌట్, 171 పరుగుల తేడాతో మన గెలుపు. సరే, అలాగైతే పిచ్ స్పిన్నర్లందరికీ స్వర్గమా? అది కూడా కాదు. ఆ మూడు టెస్టుల సిరీస్‌లో హర్భజన్‌కి 32 వికెట్లు. మన టీమ్‌లో ఆయన తర్వాత ఎక్కువ తీసినవాళ్ళకి దక్కినవి 3. లాక్ కథే మళ్ళీ ఇక్కడ కనిపిస్తుంది. పిచ్ తలుపు తీసింది నిజమే, లోపలికి వెళ్ళగలిగింది మాత్రం ఒక్కడే.

మూడు, 2010 డిసెంబర్, డర్బన్. లక్ష్మణ్ రికార్డులో ఒక మచ్చ ఉంది. 17 సెంచరీల్లో 8 ఇండియాలో, 9 బయట. కానీ సౌతాఫ్రికాలో ఒక్కటి కూడా లేదు. సెంచరీలు మాత్రమే లెక్కపెట్టేవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. డర్బన్ టెస్టు నాలుగు ఇన్నింగ్స్ స్కోర్లు వినండి: 205, 131, 228, 215. స్టెయిన్, మోర్కెల్ బంతులు పక్కటెముకల మీదికొస్తున్నాయి. లక్ష్మణ్ 38, 96. రెండు టీముల్లో ఇంకెవరూ కనీసం 50 కొట్టలేదు. మనం గెలిచింది 87 పరుగుల తేడాతో. ఆ 96ని సెంచరీల పట్టికలో వెతికితే కనపడదు. ఆ మ్యాచ్ స్కోర్‌కార్డులో చూస్తే కనపడుద్ది.

లెక్క తిరగబడే చోటు

ఇప్పుడు అజార్ దగ్గరికి తిరిగొద్దాం. బయట 36.40 అన్నాం. బయట ఆయన ఆడలేడు అని తీర్పు ఇచ్చేయొచ్చా? 1990లో ఇంగ్లండ్ టూర్‌లో లార్డ్స్‌లో 121, మాంచెస్టర్‌లో 179. 1992లో అడిలైడ్‌లో 106. 1997లో కేప్‌టౌన్‌లో 115, అప్పుడు రెండో వైపు సచిన్ 169. లక్ష్మణ్‌కి ఇంగ్లండ్‌లో గానీ సౌతాఫ్రికాలో గానీ ఒక్క టెస్ట్ సెంచరీ లేదు. అజార్‌కి రెండు చోట్లా ఉన్నాయి. మొదట్లో మనం వేసిన తీర్పు ఎంత తేలిగ్గా తిరగబడిందో చూడండి.

ఇంకొంచెం తవ్వుదాం. ఆ లార్డ్స్ టెస్టులో గ్రాహం గూచ్ 333 కొట్టాడు. ఇంగ్లండ్ 4 వికెట్లకి 653 దగ్గర డిక్లేర్ చేసింది. ఫాలో ఆన్ తప్పించుకోవడానికి కపిల్ దేవ్ వరసగా నాలుగు సిక్సర్లు కొట్టింది కూడా అదే మ్యాచ్‌లో. అంటే "ఇంగ్లండ్‌లో సెంచరీ" అనగానే మబ్బు, స్వింగ్, పచ్చిక ఊహించుకోవద్దు. ఆ రోజు లార్డ్స్ పరుగులు పండే పిచ్. అజార్ ఆట అద్భుతమే, కానీ అది డర్బన్ 96 లాంటి కష్టం కాదు.

కాబట్టి "ఇంట్లో, బయట" అనే విభజన కూడా మొద్దు కత్తే. కొలంబో బయటే, పెర్త్ బయటే. రెండూ ఒకటేనా? కొలంబో మనకి పక్క మండలం లాంటిది. ఆస్ట్రేలియాలోనే సిడ్నీలో చాలా ఏళ్ళుగా స్పిన్ తిరుగుతూ వచ్చింది. 1986 జనవరిలో మన హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్ శివలాల్ యాదవ్ అక్కడ 118 పరుగులకి 8 వికెట్లు తీశాడు. "ఆస్ట్రేలియాలో ఆఫ్ స్పిన్నర్లు పనికిరారు" అనేవాళ్ళకి ఆ స్కోర్‌కార్డ్ చూపించండి.

ఇండియా అంటే స్పిన్ అన్నదీ అంతే. విశాఖపట్నం తీసుకోండి. 2019లో సౌతాఫ్రికా మీద ఆఖరి ఇన్నింగ్స్‌లో షమీ 35 పరుగులకి 5 వికెట్లు. 2024 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ మీద బుమ్రా 45కి 6, మ్యాచ్ మొత్తంలో 9. ఇద్దరూ పేసర్లే, గ్రౌండ్ మన సముద్రం ఒడ్డునే. దేశం పేరు చూసి పిచ్ స్వభావం చెప్పడం అంటే ఇంటిపేరు చూసి మనిషి గుణం చెప్పడమే.

స్పిన్నర్ల లెక్క ఇంకా చిక్కు

స్పిన్నర్లని తూచడం బ్యాట్స్‌మెన్‌ని తూచడం కంటే కష్టం. ఎందుకంటే బ్యాట్స్‌మన్ ఏ పిచ్ మీదైనా బ్యాటింగ్‌కి రావాల్సిందే. స్పిన్నర్‌కి ఏ రోజు, ఎన్నో ఓవర్‌లో బంతి చేతికొస్తుందో కెప్టెన్ నిర్ణయిస్తాడు. ముందు అసలు టీమ్‌లో ఉండాలి కదా.

పెద్దవాళ్ళతో మొదలుపెడదాం. షేన్ వార్న్ మొత్తం 708 వికెట్లు, యావరేజ్ 25.41. ఇండియాలో మాత్రం 9 టెస్టుల్లో 34 వికెట్లు, యావరేజ్ 43.11. మురళీధరన్ మొత్తం 800 వికెట్లు, 22.72. ఇండియాలో 45.45. ఇండియా పిచ్‌లు స్పిన్‌కి స్వర్గం అంటాం కదా, మరి ప్రపంచంలో అందరికంటే పెద్ద స్పిన్నర్లిద్దరూ ఇక్కడే ఎందుకు ఇబ్బంది పడ్డారు? పిచ్ ఒక్కటే ఆడదు, ఎదురుగా ఉన్న మనిషి కూడా ఆడతాడు. చిన్నప్పటి నుంచి స్పిన్ ఆడుతూ పెరిగిన లక్ష్మణ్, సచిన్, ద్రావిడ్, సిద్ధు లాంటివాళ్ళు ఎదురుగా ఉంటే తిరిగే పిచ్ కూడా సగం చదునైపోద్ది. అందుకే కండిషన్స్ అన్నప్పుడు మట్టి, గాలి, బంతితో పాటు ప్రత్యర్థిని కూడా కలపాలి.

మురళీకి ఆస్ట్రేలియాలో యావరేజ్ 75.41. ఈ నంబర్ చూపించి "మురళీ ఏషియా బౌలర్ మాత్రమే" అని వాదించేవాళ్ళని మీరు చూసే ఉంటారు. కానీ అక్కడ ఆడింది మొత్తం 5 టెస్టులు. 1995లో మొదటిది, 2007లో చివరిది. పన్నెండేళ్ళలో ఐదు టెస్టులు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే ఐదు టెస్ట్ కేసులు రన్ చేసి మొత్తం ప్రోగ్రామ్‌కి సర్టిఫికెట్ ఇవ్వడం లాంటిది. ఆ నంబర్ ఒక ప్రశ్న లేపుద్ది గానీ జవాబు చెప్పదు.

మన కుంబ్లే 619 వికెట్లు. ఇండియాలో 350, యావరేజ్ 24.88. బయట 269, యావరేజ్ 35.85. బయట తేలిపోయాడు అని చాలాకాలం అన్నారు. కానీ 2003-04 ఆస్ట్రేలియా టూర్‌లో మూడు టెస్టుల్లోనే 24 వికెట్లు తీశాడు. ఆయన అన్ని దేశాలూ తిరిగాడు, అన్నిచోట్లా దెబ్బలు తిన్నాడు, అందుకే ఆ 35 కనపడుతోంది.

ఇంకా వెనక్కి వెళ్దాం. హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్, 22 టెస్టులు, 68 వికెట్లు. ఆయనవి రెండు లెక్కలు చెప్తా. 1952 జూన్, ఇంగ్లండ్‌లోని లీడ్స్: 63 ఓవర్లు, 24 మెయిడెన్లు, 100 పరుగులు, 5 వికెట్లు. 1956, కలకత్తా ఈడెన్ గార్డెన్స్: ఆస్ట్రేలియా మీద 49 పరుగులకి 7 వికెట్లు. రికార్డ్ పుస్తకంలో ఆయన బెస్ట్ అంటే రెండోదే వస్తుంది. కానీ కలకత్తాలో నేల స్పిన్నర్ల వైపుంది. అదే మ్యాచ్‌లో ఆస్ట్రేలియా లెగ్ స్పిన్నర్ రిచీ బెనో 11 వికెట్లు తీశాడు, మనం రెండు ఇన్నింగ్స్‌లోనూ 136కే ఆలౌటయ్యాం. లీడ్స్‌లో అయితే పరాయి నేల మీద, పరాయి చలిలో 63 ఓవర్లు ఒక్కడే మోశాడు. ఆ మ్యాచ్ గురించి జనం గుర్తుపెట్టుకుంది మాత్రం ఇంకోటి: రెండో ఇన్నింగ్స్ మొదలవగానే ఫ్రెడ్ ట్రూమన్ దెబ్బకి ఇండియా స్కోరు 0కి 4 వికెట్లు. ఆ సున్నా కింద గులాం అహ్మద్ 63 ఓవర్లు పూడుకుపోయాయి. నన్నడిగితే నేను లీడ్స్‌కే ఎక్కువ మార్కులు వేస్తా.

ఒకడికి ఇంట్లోనే, ఒకడికి బయటే

ఇప్పుడు అసలు విషయం. ఇంతవరకూ మనం ఆడిన ఆటని తూచాం. అసలు ఆడే చోటు ఎవరు ఎంచుతారు? ఆటగాడు కాదు.

ప్రజ్ఞాన్ ఓజా. పుట్టింది ఒడిశాలో, క్రికెట్ పెరిగింది హైదరాబాద్‌లో. లెఫ్టార్మ్ స్పిన్నర్. 24 టెస్టులు, 113 వికెట్లు, యావరేజ్ 30.26. చాలా మంచి లెక్క. ఈ 24లో ఇండియా, శ్రీలంక, బంగ్లాదేశ్ తప్ప ఇంకో దేశం లేదు. ఇంగ్లండ్‌లో, ఆస్ట్రేలియాలో, సౌతాఫ్రికాలో ఒక్క టెస్టు కూడా రాలేదు. బయట పిచ్‌ల మీద ఒక్క స్పిన్నర్ చాలు అనుకుంటారు, రెండో స్పిన్నర్ డ్రింక్స్ మోస్తాడు. 2013 నవంబర్, ముంబై, సచిన్ చివరి టెస్టు: ఓజా రెండు ఇన్నింగ్స్‌లోనూ ఐదేసి వికెట్లు, మొత్తం 10, ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్. ఆ తర్వాత ఆయనకి ఇంకో టెస్టు రాలేదు. బయట ఆయన ఎలా వేసేవాడు? ఎవరూ చెప్పలేరు. బయట ఆడే అవకాశమే రానివాడికి బయట యావరేజ్ చెడిపోదు, బాగుపడదు కూడా. కుంబ్లే 35.85నీ ఓజా 30.26నీ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ మన ఆంధ్ర కుర్రాడిది. హనుమ విహారి, కాకినాడలో పుట్టాడు, ఆంధ్రకి కెప్టెన్‌గా చేశాడు. 2017లో విజయనగరంలో ఒడిశా మీద 302 నాటౌట్. టెస్టుల్లో 16 మ్యాచ్‌లు, 839 పరుగులు, యావరేజ్ 33.56. ఈ నంబర్ చూసి "సరిపోలేదు, ఇంతే" అంటారు. ఇప్పుడు ఈ నంబర్‌కి అడ్రస్ రాద్దాం. లండన్ ఓవల్ 1, ఆస్ట్రేలియాలో రెండు టూర్లలో 6, వెస్టిండీస్‌లో 2, న్యూజిలాండ్‌లో 2, జొహన్నెస్‌బర్గ్ 1, బర్మింగ్‌హామ్ 1. ఇండియాలో విశాఖ, మొహాలీ, బెంగళూరు కలిపి 3. పదహారులో పదమూడు బయటే.

ఎందుకు? ఇండియాలో ఆడేటప్పుడు ఒక స్పిన్నర్ ఎక్కువ కావాలి, ఒక బ్యాట్స్‌మన్‌ని తగ్గిస్తారు. ఆ తగ్గే బ్యాట్స్‌మన్ విహారి. బయటికెళ్తే బ్యాటింగ్ బలం కావాలి, మళ్ళీ విహారిని పిలుస్తారు. చెరువు నిండినప్పుడు వేరేవాళ్ళకి మడి ఇచ్చి, ఎండినప్పుడు నిన్ను దున్నమంటే, చివర్లో బస్తాలు లెక్కపెట్టి నీకు వ్యవసాయం రాదంటే ఎట్లా ఉంటుంది?

అజార్ లెక్క ఇలా ఊహించండి. ఆయన ఇండియాలో ఆడిన ఆట చాలావరకు తీసేసి బయట 36.40 మాత్రమే ఉంచితే మనం ఆయన్ని ఎలా గుర్తుపెట్టుకునేవాళ్ళం? విహారి 33.56కి ఆ 36.40 ఎంతో దూరంలో లేదు. విహారి అజార్ అంత గొప్పవాడు అని నేననట్లేదు. ఇండియాలో మూడు టెస్టులతో ఆ మాట అనలేం, కాదని కూడా అనలేం. 33.56ని తీర్పుగా వాడకండి, అంతే.

రెండు చిన్న స్కోర్లు చూడండి. 2018 డిసెంబర్, మెల్‌బోర్న్. మిడిల్ ఆర్డర్ ఆటగాణ్ణి ఓపెనింగ్ చేయమన్నారు. 66 బంతులాడి 8 పరుగులు. యావరేజ్‌కి అది పెద్ద దెబ్బ. కానీ ఆ 66 బంతులు కొత్త బంతి పదును తీశాయి, తర్వాత పుజారా 106 కొట్టాడు, ఇండియా గెలిచింది. రెండోది, 2021 జనవరి 11, సిడ్నీ. ఐదో రోజు, తొడ కండరం పట్టేసింది, పరిగెత్తలేడు. 161 బంతులు, 23 నాటౌట్. అవతల అశ్విన్ 128 బంతులు, 39 నాటౌట్. ఇద్దరూ కలిసి 259 బంతులు ఆడారు, మ్యాచ్ డ్రా. ఆ డ్రా లేకపోతే తర్వాత వారం బ్రిస్బేన్‌లో గెలిచి సిరీస్ ఎత్తుకొచ్చే కథే లేదు. పరుగుల పట్టికలో మాత్రం అది 23.

మరి ఎలా తూచాలి

నేను నాలుగు ప్రశ్నలు అడుగుతా. మీరు కూడా అడిగి చూడండి. ఒకటి, ఎక్కడ? దేశం పేరు కాదు, ఆ గ్రౌండ్, ఆ వారం పిచ్. రెండు, ఎప్పుడు? మొదటి రోజు స్పిన్నర్‌కి 3 వికెట్లు ఒకటి, ఐదో రోజు 3 వికెట్లు ఇంకొకటి. బ్యాట్స్‌మన్‌కి ఇదే తిరగేసి. మూడు, ఎవరి మీద? నాలుగు, పక్కవాడికి ఎంత? ఈ నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే మొదటి మూడింటి జవాబు సగం దాంట్లోనే ఉంటుంది. లేకర్ పక్కన లాక్, 167 పక్కన 30 దాటనివాళ్ళు, 96 పక్కన 50 లేనివాళ్ళు.

వీటితో పాటు ఐదోది ఒకటుంది, అది ఆటగాణ్ణి కాదు, ఎంపిక చేసేవాళ్ళని అడగాల్సింది: అతనికి ఏ నేల ఇచ్చారు?

ఇది టీవీలో కనిపించే వాళ్ళ గురించి మాత్రమే కాదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు కుర్రాళ్ళు ఆడేది రాళ్ళు ఏరేసిన గట్టి నేల మీద, టెన్నిస్ బంతితో. కాస్త అదృష్టం ఉంటే సిమెంట్ మీద పరిచిన మ్యాట్ మీద. మ్యాట్ మీద బంతి లేస్తుంది, పచ్చిక పిచ్ మీద జారుద్ది. ఊళ్ళో టోర్నమెంట్లలో మోత మోగించినవాడు మొదటిసారి లెదర్ బంతితో, టర్ఫ్ వికెట్ మీద సెలెక్షన్‌కి వెళ్ళి ఆరు బంతులు తడబడితే "టెక్నిక్ లేదు" అని రాసేస్తారు. సిటీ అకాడమీలో పదేళ్ళ నుంచి టర్ఫ్ మీద ఆడిన కుర్రాడు పక్క నెట్‌లో ఉంటాడు. ఇద్దరినీ ఒకే పలక మీద, ఒకే వరసలో రాస్తారు. ఆ ఆరు బంతుల్లో చూడాల్సింది ఎన్ని తప్పాయని కాదు. మొదటి బంతికీ ఆరో బంతికీ మధ్య ఎంత నేర్చుకున్నాడని.

కొత్త నేల మీద నేర్చుకునేవాడు ఎలా ఉంటాడో 2024 డిసెంబర్ 28న మెల్‌బోర్న్‌లో చూశాం. విశాఖ కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డి, మొదటి టెస్ట్ సిరీస్‌లోనే, 8వ నంబర్‌లో వచ్చేసరికి స్కోరు 6 వికెట్లకి 191. వాషింగ్టన్ సుందర్‌తో 127 పరుగులు జోడించాడు. 99 దగ్గర ఉండగా ఆఖరి బ్యాట్స్‌మన్‌గా మన హైదరాబాద్ సిరాజ్ వచ్చి కమిన్స్ వేసిన మూడు బంతులు కాచాడు. నితీష్ 114. ఆ మ్యాచ్ కూడా మనం ఓడిపోయాం. ఆ సిరాజ్ మూడు బంతులకి ఏ యావరేజ్‌లోనూ చోటు లేదు, కానీ అవి లేకపోతే ఆ సెంచరీ లేదు.

కాబట్టి ఈసారి ఎవరైనా స్క్రీన్‌షాట్ పెట్టి "వీడి యావరేజ్ ఇంత, వాడి యావరేజ్ ఇంత, ఇక వాదన లేదు" అంటే, ఆ నంబర్ అడ్రస్ అడగండి. మీకు తెలిసిన ఒక ఇన్నింగ్సో, ఒక స్పెల్లో, రికార్డ్ పుస్తకంలో చిన్నగా కనిపించి నిజానికి పెద్దదైనది ఉంటే నాకు చెప్పండి. మన జిల్లా గ్రౌండ్‌లో జరిగిందైనా సరే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.